చూడకుండా ఇచ్చిన తీగ

మా మెట్ల కింద గదిలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఒకాయన చల్లబడిపోయిన వస్తువులకు మళ్లీ వేడి పుట్టిస్తున్నాడు. ఇస్త్రీ పెట్టె, కరెంటు పొయ్యి, నీళ్లు కాచే కడ్డీ, జుట్టు ఆరబెట్టే మిషను, ఏది పడకేసినా ఆయన దగ్గరికే. లోపల కాలి తెగిపోయిన తీగ పీకేసి కొత్త తీగ చుట్టిస్తాడు. అందుకని వీధంతా ఆయన్ని తీగలాయన అంటుంది. నాకంటే నాలుగేళ్లు చిన్న. నేను తమ్ముడూ అంటాను, ఆయన నన్ను అక్కయ్యా అంటాడు. చుట్టరికం అంతవరకే.

ఆయనకో నియమం ఉంది. బాగుచేసిన వస్తువు ఏదైనా సరే, తీగ ఎర్రగా కాలడం కళ్లారా చూసేదాకా గది దాటనివ్వడు. దాన్నే ఆయన "చూసివ్వడం" అంటాడు. ఎంత తొందరలో ఉన్నవాళ్లైనా కూర్చోవాల్సిందే. ఒకసారి నేను పెళ్లికి వెళ్తూ, చీర చేతిలో పట్టుకుని ఇస్త్రీ పెట్టె కోసం వచ్చి, "బాగుపడిందంటున్నావుగా, ఇచ్చెయ్యి" అన్నాను. "బాగుపడిందని నేనంటే సరిపోదక్కయ్యా, అది అనాలి" అని ప్లగ్గు పెట్టాడు. ఆ పెళ్లిలో నేను అక్షింతలకి అందలేదు గానీ, ఆ పెట్టె ఇప్పటికీ పనిచేస్తోంది.

ఈ రెండేళ్లుగా ఆయన అలసిపోయాడు. బాగుచేయించుకునేవాళ్లు తగ్గారు, పాడైతే పారేసి కొత్తది కొనుక్కుంటున్నారు. కళ్లు మసకబారాయి. స్టూలు మీంచి లేవాలంటే ముందు బల్ల పట్టుకోవాలి, తర్వాత గోడ, తర్వాత కాసేపు ఊపిరి. మధ్యాహ్నం వెళ్తే తరచుగా తల గోడకు ఆనించి, చేతిలో పటకారు వదలకుండా కునుకు తీస్తూ కనిపిస్తాడు. "ఈ ఏడాదితో సరి" అంటాడు. పోయిన ఏడాదీ అదే అన్నాడు.

ఆయన కూతురు పక్క వీధి బళ్లో సైన్సు టీచరు. నలభై దగ్గర పడుతోంది. తల్లి పోయాక ఇంట్లో వాళ్లిద్దరే. ఇద్దరికిద్దరూ ఇంటికి వచ్చేసరికి వడిలిపోయి ఉంటారు, మాటలు కూడా పొదుపే. బళ్లో ఆమెకున్న ఒకే ఒక్క సరదా రాకెట్ల క్లబ్బు. మూరెడు పొడవు అట్ట గొట్టం, దానికి మూడు రెక్కలు, అడుగున కంపెనీ వాళ్లు సీలు వేసి అమ్మే మందు గొట్టం. అగ్గిపుల్లతో వెలిగించకూడదట. దూరంగా నిలబడి మీట నొక్కితే, ఆరు వోల్టుల చిన్న బ్యాటరీ నుంచి కరెంటు వెళ్లి, మందుకు ఆనుకుని ఉన్న చిన్న తీగ ఎర్రబడి, మందు అంటుకోవాలట. అదంతా నేను అడిగి తెలుసుకున్నదే. అడిగితే చెప్పని మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఆ తీగ దగ్గరే వచ్చింది చిక్కు. మొదటిసారి ఆమె కరెంటు వైరులోంచి ఒక సన్న రాగి పోగు లాగి పెట్టింది. బళ్లో అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తుంటే రాకెట్టు ఉలకలేదు, పలకలేదు. రెండోసారి గిన్నెలు తోమే ఇనుప పీచులోంచి ఒక పోగు పెట్టింది. అది చిటుక్కున మెరిసి, మందుకు వేడి తగిలే లోపలే బూడిదైపోయింది. ఆ పీచు మా ఇంట్లోదే కాబట్టి ఆ పాపంలో నాకూ కొంత వాటా ఉంది.

రెండోసారి కూడా లేవకపోయేసరికి హెడ్‌మాస్టరమ్మ ఆమెను గదిలోకి పిలిచింది. పాత బల్లలు వేసుకోవడానికి చోటు లేదట. శనివారం ఉదయం మూడోసారి, అదీ తల్లిదండ్రుల ముందు. లేచిందా, క్లబ్బు గది క్లబ్బుకే. లేవలేదా, సోమవారం బల్లలు వస్తాయి.

ఆ సాయంత్రం ఆమె సంచీ భుజాన ఉండగానే తండ్రి గదిలోకి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను, నీళ్ల కడ్డీ పట్టుకుని.

"నాన్నా, నువ్వే దిక్కు" అంది.

"నాకు రాకెట్లేం తెలుసమ్మా."

"రాకెట్టు నేను చూసుకుంటాను. మందు జోలికి మేమెవరం వెళ్లం, అది సీలుతో వస్తుంది. నాకు కావాల్సింది తీగ. ఆరు వోల్టులకి ఎర్రబడాలి."

ఆయన నిట్టూర్చి, బల్ల పట్టుకుని, గోడ పట్టుకుని లేచాడు. పై అరలోంచి పొయ్యి తీగ చుట్ట తీశాడు. "ఇది నా దగ్గరున్న వాటిల్లో రాజు. పదేళ్లు మండినా తెగదు" అని అంగుళం ముక్క కత్తిరించి బ్యాటరీకి కలిపాడు. ముగ్గురం వంగి చూశాం. తీగ గోరువెచ్చన కూడా కాలేదు. బ్యాటరీ మాత్రం వేడెక్కింది.

"తమ్ముడూ, ముందు నీ బ్యాటరీయే ఎగిరేటట్టుంది" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఇస్త్రీ పెట్టెలో వాడే రేకు తీగ తీశాడు. అదీ అంతే. "ఇది పన్నెండేళ్లు" అన్నాడు గొణుగుతున్నట్టు.

కూతురు పక్కనున్న డబ్బా మీద కూలబడింది. "నాన్నా, నాకు పన్నెండేళ్లు వద్దు. పన్నెండు నిమిషాలు కూడా వద్దు. ఒక్క క్షణం ఎర్రబడి, మందు అంటుకున్నాక తెగిపోయినా పరవాలేదు."

ఆయన చేతిలో తీగ అలాగే ఉండిపోయింది. తెగకూడని తీగ వెతకడంలోనే జీవితం గడిపినవాడు. తెగిపోయినా పరవాలేదన్న మాట ఆ గదిలో ఎవరూ అని ఉండరు.

"తెగిపోయే తీగ నా దగ్గర ఎందుకుంటుందమ్మా" అన్నాడు చివరికి. ఆ మాటలో కోపం లేదు, బడలిక ఉంది.

మర్నాడు పాలకు దిగినప్పుడు చూస్తే ఆయన బల్ల నిండా తీగ ముక్కలు. నిద్ర పట్టక తెల్లవారకుండానే వచ్చాడట. టంకం పెట్టే కడ్డీలు బాగుచేయడానికి ఎప్పుడో తెచ్చుకున్న చిన్న చుట్ట ఒకటి దొరికింది. తల వెంట్రుక అంత సన్నం. రాగి కాదు, ఇనుము కాదు. పొయ్యి తీగ జాతిదే, కానీ దాని మనవరాలి మనవరాలు. రాగి అయితే కరెంటుకు సాఫీగా దారి ఇస్తుంది, అందుకే వేడెక్కదు. ఇది అడ్డుపడుతుంది, అడ్డుపడుతుంది కాబట్టి వేడెక్కుతుంది. సన్నగా ఉంది కాబట్టి చిన్న బ్యాటరీకి కూడా లొంగుతుంది. అదీ ఆయన నాకు చెప్పిన లెక్క. నేను ఐదో క్లాసు దాటలేదు, అయినా అర్థమైంది.

"దీనికి టంకం అంటదక్కయ్యా. రాగి వైరు కొస చుట్టూ నాలుగు చుట్లు చుట్టి, పటకారుతో నొక్కేయాలి. నీ దగ్గర సన్నసూది ఉందా?"

నా కుట్టుసూది ఇచ్చాను. దానిమీద తీగను మూడు చుట్లు తిప్పి లాగేస్తే చిన్న స్ప్రింగులా వచ్చింది. రెండు రాగి వైర్ల మధ్య దాన్ని బిగించి, వైర్లు ఒకదాన్నొకటి తాకకుండా మధ్యలో కాగితం పట్టీ అంటించాడు. బ్యాటరీకి ముట్టించగానే ఎర్రగా మెరిసింది. వెంటనే తీసేశాడు. ఆ మొహంలో వెలుగు నేను చాలా రోజుల తర్వాత చూశాను.

శుక్రవారం సాయంత్రానికి పన్నెండు చేశాడు. ఒక్కొక్కటి చేయడానికి అరగంట పైనే. కళ్లద్దాల మీద ఇంకో అద్దం, మధ్యమధ్య కళ్లు మూసుకుని విశ్రాంతి. చేసిన ప్రతిదాన్నీ బ్యాటరీకి ముట్టించి, ఎర్రబడటం చూసి, దూది పరిచిన సబ్బు డబ్బాలో పడుకోబెట్టాడు. కూతురు చేతిలో పెడుతూ, "పన్నెండూ చూసే ఇస్తున్నాను" అన్నాడు.

శనివారం బళ్లో జనం బాగానే వచ్చారు. మైదానం మధ్యలో నిలబెట్టిన ఇనుప కడ్డీకి రాకెట్టు తగిలించారు. టీచరు డబ్బాలోంచి ఒక తీగ తీసి, దాని మెడ కొద్దిగా వంచి, మందు గొట్టంలోకి దూర్చి, వైర్లు కలిపి, దూరంగా తాడు కట్టిన గీత వెనక్కి వచ్చింది. పిల్లలు పదినుంచి వెనక్కి లెక్కపెట్టారు. మీట నొక్కింది.

ఏమీ కాలేదు.

వాళ్ల నియమం ప్రకారం బ్యాటరీ విప్పేసి, నిమిషం నిండేదాకా దగ్గరికి వెళ్లకూడదు. ఆ నిమిషం ఎంత పొడుగో అక్కడ నిలబడినవాళ్లకే తెలుసు. ఆమె వెళ్లి తీగ మార్చి వచ్చింది. మళ్లీ లెక్క, మళ్లీ మీట. మళ్లీ ఏమీ లేదు. తల్లుల్లో ఒకావిడ చేతిసంచీ సర్దుకుంది. హెడ్‌మాస్టరమ్మ గడియారం చూసుకుంది.

"ఇంకెప్పుడైనా చూద్దాం టీచర్" అంది ఆమె. మర్యాదగానే అంది. ఆ మర్యాద వినగానే నాకు ప్రాణం ఉసూరుమంది.

తీగలాయన బెంచీ మీంచి లేచాడు. ఈసారి పట్టుకోవడానికి గోడ లేదు, నా భుజం పట్టుకున్నాడు. కూతురు నిమిషం ఆగి, రాకెట్టులోంచి తీగ బయటికి తీసి తెచ్చి ఇచ్చింది. ఆయన దాన్ని కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకున్నాడు. చుట్టు దగ్గర తెగిపోయి ఉంది. సబ్బు డబ్బాలోంచి ఇంకోటి తీసి దాని మెడ వంచాడు. అదీ తెగింది. ఇంకోటి. అదీ.

"అమ్మా, ఇవన్నీ నేనే చంపాను" అన్నాడు.

"అదేంటి నాన్నా, నీ బల్ల మీద ఎర్రబడ్డాయిగా."

"అదే చెప్తున్నా. ఒకసారి ఎర్రబడితే ఇంత సన్న తీగ పెళుసైపోతుంది. పొయ్యిలో తీగ కాలాక దాన్నెవరూ కదపరు, అందుకని ఇన్నేళ్లూ సరిపోయింది. దీన్ని నువ్వు వంచాలి, దూర్చాలి. కాల్చకుండా ఇవ్వాల్సినదాన్ని కాల్చి ఇచ్చాను. చూసి ఇచ్చాను."

ఆమె తండ్రి మొహంలోకి, గేటువైపు కదులుతున్న జనంలోకి చూసింది. "తీగ చుట్ట తెచ్చావా నాన్నా?"

చొక్కా జేబులో ఉంది. పటకారు కూడా. నా సూది ఆ చొక్కా అంచుకే గుచ్చి ఉంది. బెంచీ మీద కూర్చున్నాడు. వెంట్రుకంత తీగ ఎండలో ఆయన కళ్లకు ఆనడం లేదు. ఆ రోజు కార్యక్రమం అచ్చువేసిన తెల్ల కాగితం నా చేతిలో ఉంటే, ఖాళీగా ఉన్న వైపు తిప్పి తీగ వెనకాల పట్టుకున్నాను.

"కదలకు అక్కయ్యా."

"నేను కాదు కదిలేది, నీ చెయ్యి."

"అయితే దాన్ని కూడా పట్టుకో."

మణికట్టు పట్టుకున్నాను. సూది మీద మూడు చుట్లు. రాగి కొసకు నాలుగు. పటకారు నొక్కు. రెండో వైపు నాలుగు, ఇంకో నొక్కు. మధ్యలో పెట్టే పట్టీ ఆ కాగితం అంచులోంచే చించాం. హెడ్‌మాస్టరమ్మ వచ్చి పక్కన నిలబడింది.

తీగ తయారైంది. ఆయన చెయ్యి దానంతటదే బ్యాటరీ వైపు వెళ్లింది.

"నాన్నా, వద్దు" అంది కూతురు.

చెయ్యి ఆగింది. బ్యాటరీకి బెత్తెడు దూరంలో అలాగే ఉండిపోయింది. పెళ్లికి వెళ్లేదాన్ని కూర్చోబెట్టిన మనిషి. నన్నే కాదు, అందరినీ అంతే.

"చూడకుండా ఇస్తున్నానమ్మా" అన్నాడు. "ఎలా ఉందో నాకు తెలీదు." కళ్లు పక్కకి తిప్పుకుని కూతురి అరచేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని పట్టుకుని వెళ్లిన తీరు, గుడ్డు పట్టుకున్నట్టుంది. వంచింది, దూర్చింది, వైర్లు కలిపింది, వెనక్కి వచ్చింది. పిల్లలు ఈసారి లెక్క మెల్లిగా పెట్టారు.

బుస్సుమంది. అందరి తలలూ ఒక్కసారిగా పైకి లేచాయి. పొగ గీత నిటారుగా వెళ్లి, ఎక్కడో పైన రాకెట్టును మెల్లగా దించే చిన్న ఎర్ర గొడుగు విచ్చుకుంది. పిల్లలు దానికోసం పరిగెత్తారు. హెడ్‌మాస్టరమ్మ మెడ నిమురుకుంటూ, "సరే, బల్లలు బడి మెట్ల కింద వేయిస్తాను" అంది.

తీగలాయన మాత్రం పైకి చూడలేదు. టీచరు తాడు తీసి దారి వదిలాక నెమ్మదిగా కడ్డీ దగ్గరికి నడిచి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి, కింద పడిన రాగి వైర్లు తీసుకున్నాడు. రెండు కొసల మధ్య ఏమీ మిగల్లేదు. చాలాసేపు అదే చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికి వచ్చే దారిలో మూడుసార్లు ఆగాం. "బాగా ఎగిరింది తమ్ముడూ" అంటే, "అలాగా" అన్నాడు. "నిద్రొస్తోందక్కయ్యా" అన్నాడు.

క్లబ్బుకు ఇప్పుడు ప్రతి నెలా తీగలు కావాలి. ఈ ఏడాదితో సరి అన్న మాట మళ్లీ వాయిదా పడింది. పొద్దున రెండు, సాయంత్రం రెండు చేస్తాడు, మధ్యలో గోడకు తల ఆనిస్తాడు. చేసినవాటిని వేసే డబ్బా మూత మీద కూతురు పెద్దక్షరాలతో రాసింది: నాన్నా, చూడొద్దు. ఆ డబ్బా ఆయన బల్ల మీద లేదు, మా ఇంట్లో బీరువా పైన ఉంది. ఆయనే తెచ్చి పెట్టాడు. "కింద ఉంటే నా చెయ్యి ఊరుకోదు" అన్నాడు. ప్రతి తీగా చేయగానే పట్టుకుని పదమూడు మెట్లెక్కి వచ్చి, ఆయాసపడుతూ నా చేతికిచ్చి, మళ్లీ దిగి వెళ్తాడు.