చెయ్యి ఊపనివాళ్ళ వెంట

కోర్బినియన్‌కి ఒకటే పిచ్చి. కొండదారిలో ఎదురుగా తనదానిలాంటి క్యాంపర్ వ్యాను, అంటే పడకా పొయ్యీ ఉన్న బండి, కనిపిస్తే ఆయన చెయ్యి ఊపుతాడు. అవతలివాళ్ళూ ఊపాలి. ఊపారా, సరే. ఊపలేదా, బండి వెనక్కి తిప్పి వాళ్ళ వెంటపడతాడు. పడి, ఆపించి, "ఏం బాబూ, నేనంత ప్రేమగా చెయ్యి ఊపితే నువ్వెందుకు ఊపలేదు?" అని అడిగితే గానీ ఆయనకి అన్నం సయించదు.

ఆల్ప్స్ కొండల్లో క్యాంపర్లవాళ్ళు ఒకరికొకరు చెయ్యి ఊపుకోవడం మామూలు మర్యాదే. ఎవరైనా ఊపకపోతే ఏ మలుపులోనో దృష్టి పెట్టాడులే అనుకుని పోతారు లోకంలో జనం. కోర్బినియన్ లోకంలో జనంలాంటివాడు కాడు. జర్మనీలో రోజెన్‌హైమ్ అనే ఊళ్ళో ముప్ఫై ఎనిమిదేళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. పలకరిస్తే పలకాలంటాడు.

ఒకసారి అద్దె బండిలో వచ్చిన హాలండ్ ఆయన, వెనక నుంచి లైట్లు కొడుతూ తరుముకొస్తున్న ఈ పాత వ్యానుని చూసి దొంగలనుకున్నాడు. ఆపగానే కిటికీలోంచి పర్సు అందించేశాడు. వాళ్ళావిడ ఒక జున్ను చక్రం కూడా అందించింది. కోర్బినియన్ పర్సు తిరిగిచ్చి, ఇద్దరిచేతా చేతులు ఊపించుకుని, జున్నుతో తిరిగొచ్చాడు. మరోసారి రొట్టెల వ్యానుని క్యాంపరనుకుని తరిమాడు. "అయ్యా, నేను రొట్టెలు పంచుకునేవాణ్ణి" అన్నాడా డ్రైవరు. "అయితే రెండివ్వు" అన్నాడీయన.

ఈ తరుముళ్ళన్నిటికీ పక్క సీట్లో బలైపోయేది ఆయన భార్య సెంజి. ఆయన దిగి అవతలి బండి దగ్గరికి పోగానే, ఆవిడ పరువు పోయిందని తెర లాగేసుకుని అల్లిక పట్టుకునేది. ఒక్కొక్కప్పుడు పది నిమిషాలు, ఒక్కొక్కప్పుడు రెండు గంటలు. ఆ లెక్కన ఆవిడ అల్లిన మేజోళ్ళు ఒక పటాలానికి సరిపోతాయి.

"ఇంతసేపు ఏం చేశావయ్యా?"

"ఏముంది, వాడు చెయ్యి ఊపలేదు. అంతే."

ఈ "అంతే" వల్లే ఏడేళ్ళ కిందట కొంప మునిగింది. సెంజి చెల్లెలు ఒటీలియాని కొండకి అవతల పస్సైయర్ లోయలో ఇచ్చారు. ఆమె కూతురి పెళ్ళికి బయల్దేరితే దారిలో ఎవడో ఊపలేదు. వీళ్ళు వెళ్ళేసరికి బల్లల మీద గుడ్డలు తీసేస్తున్నారు. "ఏమయింది బావా?" అంటే, "ఒకడు చెయ్యి ఊపలేదమ్మా" అన్నాడు కోర్బినియన్. ఒటీలియా మళ్ళీ అక్కతో మాట్లాడలేదు. సెంజి ఆ ఏడేళ్ళూ ఎన్ని ఉత్తరాలు రాసిందో, ఎంత ఏడ్చిందో ఆవిడకే తెలుసు.

ఈ జూన్‌లో చెల్లెలి దగ్గర్నుంచి కార్డొచ్చింది. "నాకు అరవై నిండుతున్నాయి. శనివారం పన్నెండున్నరకి ఉండల సూపు. ఆలస్యమైతే మాత్రం రావద్దు."

సెంజి ఆ కార్డు మీద మొగుడి చెయ్యి పెట్టించింది. "ఇవాళ ఎవరు ఊపకపోయినా బండి తిప్పనని ఒట్టెయ్యి."

వేశాడు.

పదకొండున్నరకల్లా యౌఫెన్ కనుమ ఎక్కేశారు. ఇక దిగడమే. మూడో మలుపులో తెల్ల క్యాంపరొకటి ఎదురొచ్చింది. కోర్బినియన్ చెయ్యి ఊపాడు. అవతల స్టీరింగు దగ్గరున్నావిడ ఊపలేదు.

కోర్బినియన్ పళ్ళు బిగించాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఒక మలుపు దాటింది. రెండోదీ దాటింది. బండి మాత్రం తిప్పలేదు. గెలిచానని సంబరపడాల్సిన సెంజికి ఎందుకో మనసు నిలవలేదు. ఆ తెల్ల బండిలో ఆవిడ తన వయసుదే. పక్క సీటు ఖాళీ.

"ఆవిడ మనల్ని చూడనే లేదు కదూ?"

"లేదు."

"నీకెలా తెలుసు?"

"చూసి ఊపనివాళ్ళు మొహం తిప్పుకుంటారు. ఆవిడ రెప్ప కూడా వెయ్యలేదు."

"మరి పోతున్నావేం?"

"ఒట్టేశాగా."

సెంజి గడియారం చూసింది. చెల్లెలి మొహం గుర్తొచ్చింది. "నా ఖర్మ. తిప్పవయ్యా బండి" అంది.

తెల్ల క్యాంపరు కొంచెం పైన, దారి పక్క వెడల్పులో ఆగి ఉంది. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి సెంజి కూడా దిగింది.

"ఏమ్మా, నేను చెయ్యి ఊపితే మీరెందుకు ఊపలేదు?" అన్నాడు కోర్బినియన్, మామూలు దబాయింపుతోనే.

"చెయ్యి తీస్తే లోయలో పడతానని" అందావిడ. బండి ఆగినా చేతులింకా స్టీరింగుకే అతుక్కుని ఉన్నాయి. పేరు మార్లీస్. ఎప్పుడూ భర్తే నడిపేవాడు, మొన్న మార్చిలో పోయాడు. ఒంటరిగా ఇదే మొదటి ప్రయాణం. పైకీ పోలేనండీ, కిందికీ దిగలేనండీ అని భోరున ఏడ్చింది. ఏడుపు తగ్గాక, "ఎవరికీ చెప్పకండి. మా అబ్బాయి వద్దంటున్నా వచ్చాను, తెలిస్తే బండి అమ్మేస్తాడు" అంది.

"చెప్పడానికేముందమ్మా? మీరు చెయ్యి ఊపలేదు. అంతే" అన్నాడు కోర్బినియన్. "దానికి శిక్షేమిటంటే, కింద లోయదాకా నా వెనకే రావాలి. రేపు నేనే కొండ దాటిస్తాను."

సెంజి మొగుణ్ణి అలా చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఇలాంటి "అంతే"లు ఎన్ని విందో పాపం, లెక్క లేదు.

ఆయన ఆవిడ బండి తిప్పిపెట్టి, నడపడం ఆవిడకే వదిలేశాడు. ఇరవై కిలోమీటర్ల వేగంతో దిగడం మొదలెట్టారు. వెనక నలభై కార్లు హారన్లు కొట్టుకుంటూ వరస కట్టాయి. కోర్బినియన్ అన్నిటికీ చెయ్యి ఊపాడు.

"ఇదిగో, పెళ్ళిరోజున ఊపనివాడికి అసలేమయింది?" అని అడిగింది సెంజి.

"ఊపలేదే. అంతే."

"నాకు కూడా చెప్పవా?"

"ఊపలేదు" అన్నాడాయన.

రెండింటికి చేరారు. ఒటీలియా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "ఈసారేమిటి బావా?"

మార్లీస్ సంగతి ఒక్క మాట చెబితే చాలు, ఏడేళ్ళ కోపం తీరిపోతుంది. ఆ మాట సెంజి నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన మార్లీస్ తల దించుకుని, బిగుసుకుపోయిన వేళ్ళు విప్పుకుంటోంది.

"ఈవిడ చెయ్యి ఊపలేదే. నేనే బండి తిప్పించా" అంది సెంజి.

కోర్బినియన్ నోరు తెరిచాడు. పెళ్ళాం కాలు తొక్కగానే మూసేశాడు.

ఒటీలియా అక్కని చూసింది, బావని చూసింది. ఆ కొత్తావిడ ఉబ్బిన కళ్ళనీ, ఇంకా ముడుచుకునే ఉన్న వేళ్ళనీ చూసింది. చెల్లెలి మొహంలో బిగువు కొంచెం కొంచెంగా సడలింది.

"పెళ్ళిరోజు కూడా ఇలాంటి చెయ్యేనా బావా?" అంది నెమ్మదిగా.

"వాడు ఊపలేదమ్మా" అన్నాడు కోర్బినియన్.

ఒటీలియాకి నవ్వు ఆగలేదు. మార్లీస్ భుజం మీద చెయ్యేసి, "రామ్మా, ఈ ఇద్దరితో పడలేం, ముందు నువ్వు కూర్చో" అని లోపలికి తీసుకెళ్ళి, సూపు గిన్నె మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.