గుర్రం కాళ్ళ కింది మనుషులు

ఈ ఉదయం ఒక తప్పు చేశాను. తెల్లాపూర్‌లో విల్లా కొనుక్కున్న ఒకాయన తన హాలు కోసం పాత యుద్ధచిత్రానికి నకలు వేయించుకుంటున్నాడు. ఫోన్ చేసి, "బొమ్మ బాగుందండి. కాకపోతే కింద ఆ శవాలు వద్దు. ఇంట్లో మంచిది కాదంటున్నారు" అన్నాడు. "దానిదేముందండి, గడ్డి వేసేస్తాను" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఫోన్ పక్కన పెట్టి, కుంచె కడగడానికి టర్పెంటైన్ సీసా మూత తీశాను. ఖాజాగూడలోని నా చిన్న దుకాణమంతా ఆ ఘాటు వాసన కమ్మింది. ఆ వాసనలో, నాకు పని నేర్పిన యాదగిరి సార్ వచ్చి నా ఎదుట నిలబడినట్టయింది.

సార్ షెడ్డు శేరిలింగంపల్లిలో, రైలు పట్టాల పక్కన ఉండేది. ఒకప్పుడు సినిమా బోర్డులు రాసిన చెయ్యి ఆయనది. ఆ పని పోయాక, హైటెక్ సిటీ చుట్టూ లేచిన హోటళ్ళకీ ఆఫీసులకీ నకళ్ళు వేసేవారు. ఇంగ్లీషువాళ్ళు మన కోటలు పట్టుకున్నప్పుడు వాళ్ళ చిత్రకారులు వేసిన యుద్ధాలకు మంచి గిరాకీ ఉండేది: పొగ, జెండా, బెదిరి ముంగాళ్ళెత్తిన తెల్లగుర్రం మీద దొర. డిగ్రీ తప్పి తెనాలి నుంచి వచ్చిన నన్ను ఆయన పనిలో పెట్టుకున్నారు. అందరూ ఆకాశంతో మొదలుపెడితే ఆయన అడుగు నుంచి, పడిపోయిన మన సిపాయిలతో మొదలుపెట్టేవారు. అసలు చిత్రాల్లో వాళ్ళకు ముఖాలుండవు, గోధుమరంగు మరకలు తప్ప. నకలు నకలులాగే ఉండాలి కదా అని అడిగాను. "అరే శీనూ, గుర్రం మీదున్నోనికి పేరుంది, బిరుదుంది. కిందున్నోనికి గిదొక్కటే జాగ. ఆడ గూడ మొఖం లేకపోతే ఎట్లరా?" అన్నారు.

అందుకని ఒక్కో శవానికీ ఒక్కో మనిషిని వెతికేవారు. పక్కన కలప అడితికి కాపలా ఉండే మల్లయ్యను ఒకరోజు షెడ్డులో టార్పాలిన్ పట్టా మీద పడుకోబెట్టారు.

"జర నోరు తెరువు మల్లన్నా."

"తెరిస్తే ఈగలు పోతయ్ సార్."

"సచ్చినోనికి ఈగల ఫికరేందయ్యా?"

అంతలో అతని భార్య లక్ష్మమ్మ సద్దిగిన్నె పట్టుకుని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "బతికున్న మొగణ్ణి పీనుగ లెక్క పండవెట్టిన్రు, మీకేం పుట్టింది సార్?" అని గయ్యిమంది. సార్ కుంచె దించి, "కోపం చెయ్యకు చెల్లె. బొమ్మ గోడకెక్కిన్నాడు ఇద్దర్నీ తీస్కపోయి చూపిస్త. నీ మొగడు అద్దాల మేడల ఉంటడు" అన్నారు. ఆ ముఖానికే ఆయనకు వారం పట్టింది.

ఆ బొమ్మ తెల్లాపూర్‌లో ఒక క్లబ్‌హౌస్‌కి. బిగించడానికి నేనొక్కణ్ణే వెళ్ళాను. మేం కొలతలు తీసుకున్నాక అక్కడ సీలింగు కిందికి దించారు, బొమ్మ ఎత్తు అడుగుకు పైగా ఎక్కువైంది. సాయంత్రమే ప్రారంభం. పైన కోసేస్తే దొర ఖడ్గం పోతుంది, అందుకు ఒప్పుకునేది లేదన్నారు క్లబ్ చూసుకునే మేడమ్. జేబులో ఫోనుంది. సార్ వద్దంటారని తెలుసు కనుకే చెయ్యలేదు. కింద కోసేశాను. అంతటితో ఆగినా బాగుండేది. దీపాలు బిగించడానికి నిచ్చెన వేస్తుంటే, కొత్త పాలరాయి మీద గీతలు పడతాయని సూపర్‌వైజర్ అరిచాడు. కోసిన ముక్కను నిచ్చెన కింద పరిచాను. రంగువైపు పైకే ఉంది. తిప్పి వెయ్యాలన్న ధ్యాస కూడా నాకు రాలేదు. గంటసేపు ఆ ముఖాల మీద నిలబెట్టిన నిచ్చెన ఎక్కి దిగాను.

సాయంత్రం సార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, మల్లయ్యనూ లక్ష్మమ్మనూ ఆటోలో తీసుకొచ్చారు. ఆమె బొమ్మ ముందు నిలబడి "ఏడున్నవ్?" అంది. మల్లయ్య చట్రం అంచు దాకా చూశాడు. సార్ వైపు చూశాడు. సార్ నావైపు చూశారు. నేను నేల చూపులు చూశాను. అప్పుడు మల్లయ్య, దూరంగా పొగలో సగం కనిపించే ఒక సిపాయిని చూపించి, "గా నిలవడ్డోడు నేనే" అన్నాడు. "హమ్మయ్య, సచ్చినోని లెక్క వెయ్యలే. మంచిగైంది" అని ఆమె చేతులు జోడించింది.

బయటికొచ్చాక సార్ నన్ను తిట్టలేదు. "కింద ఎవ్వడు లేకపోతే ఆ గుర్రం ఎందుకట్ల బెదిరిందిరా?" అని మాత్రం అడిగారు. తర్వాత, "ముక్క ఏది?" అన్నారు. నిచ్చెన కాళ్ళ గుర్తులు ఆయన చూడకూడదని, "చెత్తలో పోయింది సార్" అన్నాను. ఆ ముక్క అప్పటికి నా సంచిలోనే ఉంది. ఆ తర్వాత ఆరేళ్ళు ఆయన దగ్గరే పనిచేశాను. రంగులు కలపడం నేర్పారు, ఈ దుకాణం పెట్టుకుంటానంటే తన సొంత ఈజిల్ ఇచ్చి పంపారు. నిజం చెప్పడానికి వీలైన రోజులు ఎన్నో వచ్చాయి. ఏ రోజూ చెప్పలేదు. సార్ పోయి ఇప్పటికి నాలుగేళ్ళు.

ఈ ఉదయం సీసాకు మూత పెట్టి, విల్లా ఆయనకు మళ్ళీ ఫోన్ చేశాను. "ఆ మనుషుల్ని తీసేస్తే గుర్రం ఎందుకు బెదిరిందో చెప్పలేనండి. నేను తియ్యను" అన్నాను. "ఏమిటండీ మీరనేది?" అని, కాసేపు వాదించి, ఆర్డరు వద్దన్నాడు. సరేనన్నాను. అటక మీద నుంచి ఆ ముక్క దించాను. మల్లయ్య రొమ్ము మీద ఒక గుర్తు, పక్కవాడి చెంప మీద ఇంకొకటి. ఒక్క పూటలో సరిచేయగలను. చెయ్యకుండా, చట్రం మాత్రం కట్టి, సాయంత్రం శేరిలింగంపల్లి వెళ్ళాను.

మల్లయ్యకు జుట్టంతా నెరిసింది. లక్ష్మమ్మకు చూపు మందగించింది. జరిగింది జరిగినట్టు చెప్పాను, నిచ్చెన సంగతితో సహా. మల్లయ్య బొమ్మలో తన రొమ్ము మీది గుర్తును వేలితో తడిమి చూశాడు. తలెత్తి, "సార్‌కు చెప్పినవా?" అన్నాడు.

"లేదు."

"చెప్పాల్సుండె" అన్నాడు, అంతే. ఆ మాట నాతోనే ఉండిపోతుందని అప్పుడే తెలిసింది.

లక్ష్మమ్మ బొమ్మను కళ్ళ దగ్గరికి తీసుకుంది. కొంగుతో దుమ్ము తుడుస్తూ ఒక్కో ముఖం దగ్గరా ఆగింది. "నోరు తెరుసుకుని పండిండు. గీయనే" అంది. పెట్టుకుంటారా అని అడిగాను. మల్లయ్య గోడవైపు చెయ్యి చూపించాడు. మేకు నేనే కొట్టాను, నిచ్చెన అక్కర్లేనంత ఎత్తులో.