విశ్రాంతి గడిలో ‘లేదు’

మా ఆయన లారీ డ్రైవరు. నేను గుడివాడలో మిషన్ బడి టీచర్ని. ఆ లారీ మీద నాకెప్పుడూ కోపం లేదు. నా కోపమంతా లారీతోపాటు వచ్చిన డ్యూటీ పుస్తకం మీదే. ఎన్నింటికి బయల్దేరారు, ఎక్కడెక్కడ ఆగారు, ఎంతసేపు విశ్రాంతి తీసుకున్నారు, ఎన్నింటికి దిగారు, ఇవన్నీ రోజుకో పేజీలో రాసి కింద డ్రైవరు సంతకం పెట్టాలి. రోజుకి తొమ్మిది గంటలకి మించి బండి తోలకూడదని, మధ్యలో అరగంటైనా ఆగాలని చట్టం. ఆ చట్టం రాసినవాళ్ళు మంచివాళ్ళే అయ్యుంటారు. నూర్పిళ్ళ రోజుల్లో దివిసీమ వచ్చి చూసినవాళ్ళు మాత్రం అయ్యుండరు.

నాగాయలంక వైపు నుంచి ధాన్యం బస్తాలు గుడివాడ మిల్లులకి రావాలి. కోడి కూయకముందే బయల్దేరి వెళ్తే, కల్లంలో కాటా వేసి బస్తాలు ఎక్కించేసరికి మధ్యాహ్నం దాటేది. కాలవ గట్ల మీద గతుకుల్లో పడి తిరిగొచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. అప్పుడు మిల్లు గేటు ముందు లారీల వరస. ముందు బండి ఒక బారెడు కదిలితే వెనకది కదలాలి. కదలకపోతే వెనకనున్నవాళ్ళు అమ్మానాన్నల్నందరినీ తలుచుకునేవారు.

ఇన్ని గంటలు తొమ్మిదిలో ఎలా పడతాయని ఎవరూ బుర్ర బద్దలుకొట్టుకోలేదు. లారీ ఆఫీసులో ఒక ముసలి గుమాస్తా ఉండేవారు. డ్రైవర్లంతా ఆయన్ని బాబాయి గారనేవారు, ఆయన అందరినీ అల్లుళ్ళనేవారు. శనివారం సాయంత్రం అరుగు మీద చాప పరిచి, అందరి పుస్తకాలూ ముందేసుకుని, వారానికి సరిపడా రాసేసేవారు. జరిగిన వారం కాదు, జరగబోయే వారం. ఎవరి పేజీలోనూ తొమ్మిది గంటలు దాటవు, అరగంట విశ్రాంతి తప్పదు. ఒక డ్రైవరు కూతురికి కన్యాదానం చేస్తున్న వేళకి పుస్తకంలో ఆయన మొవ్వ దగ్గర చెట్టుకింద విశ్రాంతి తీసుకుంటున్నాడు. ఆ సంగతి చెప్పుకుని ఊరంతా నవ్వుకున్నారు. నేనూ నవ్వాను.

మా ఆయన మాత్రం, “నాది నేను రాసుకుంటానండి బాబాయి గారూ” అన్నారు.

“రాసుకో అల్లుడూ. నాకూ చెయ్యి నొప్పి తగ్గుతుంది” అన్నారాయన.

మా మావగారు పల్లెలో పాలేరు. వేలిముద్ర తప్ప ఎరగరు. ఆ ఇంట్లో సంతకం పెట్టిన మొదటి మనిషి ఈయనే. సంతకం పెట్టినచోట అబద్ధం ఉండకూడదని ఎవరు చెప్పారో, ఏ ప్రసంగంలో విన్నారో నాకు తెలీదు. అడిగితే, “దేవుడి ముందు నిలబడి చెప్పినట్టే కదా” అనేవారు. ఆ మాట ఆయన మెత్తగానే అనేవారు. గట్టిగా అంటే గొడవపడి గెలవొచ్చు, మెత్తగా అనేవాళ్ళతో ఏం చేస్తాం.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోగానే పుస్తకం తీసేవారు. పెదాలు కదుపుతూ రాసేవారు. విశ్రాంతి అన్న గడిలో ‘లేదు’ అని రాసేవారు. మర్నాడూ ‘లేదు’. ఆ మర్నాడూ ‘లేదు’. చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

“మిల్లు వరసలో అంతసేపు ఊరికే కూర్చున్నారు. అది విశ్రాంతి కాదా?”

“కాలు క్లచ్చి మీదే ఉందిగా.”

“కునుకు తీశారా లేదా?”

“తీశాను. వెనకవాడు హారన్ కొడితే లేచాను. దాన్ని విశ్రాంతంటే మీ బడిలో ఒకటో తరగతి పిల్లలు కూడా నవ్వుతారు టీచరమ్మా.”

ఇలా వాదించుకుంటూనే ఉన్నాం, మొవ్వ దగ్గర బ్రేక్ ఇన్స్పెక్టరు బళ్ళు ఆపేదాకా. బ్రేకులు చూస్తారని కాబోలు మోటారు ఇన్స్పెక్టర్లని అప్పట్లో అందరూ అలాగే పిలిచేవారు. ముందు మా లారీ యజమాని గారిదే ఇంకో బండి ఉంది. రెండూ ఒకే కల్లంలో ఎత్తిన ధాన్యం, ఒకే దారిన వస్తున్నాయి. దాని పుస్తకం చూసి పొమ్మన్నారు. మా ఆయన పుస్తకం తిరగేసి, మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళి, మనిషిని ఎగాదిగా చూశారట. “ఇదంతా నువ్వే రాశావా?” అంటే ఈయన, “నేనేనండి” అన్నారట. పై వారం బందరు ఆఫీసుకి పుస్తకంతో రమ్మని చీటీ ఇచ్చి వెళ్ళిపోయారు. లైసెన్సు ఆగిపోవచ్చని కూడా చెప్పారు. మాకు సెంటు భూమి లేదు. ఆయనకి చేతనైన పని బండి తోలడం ఒక్కటే.

గుమాస్తా బాబాయి గారు ఆ సాయంత్రమే కొత్త పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చారు. “రాసుకొచ్చానమ్మాయ్. సంతకాలు పెట్టిస్తే చాలు.”

“ఇన్స్పెక్టరు గారు పాతది చూశారండి” అన్నారు మా ఆయన.

“చూసినాయన పుస్తకంతో రమ్మన్నాడా, ఆ పుస్తకంతోనే రమ్మన్నాడా? వారం గడువు ఎందుకిచ్చాడనుకున్నావు అల్లుడూ?”

ఈయన పుస్తకం ముట్టుకోలేదు. కాఫీ తాగి ఆ ముసలాయన నా వైపు జాలిగా చూసి వెళ్ళిపోయారు.

నేను ఊరుకోలేదు. మా హెడ్మాస్టరు గారి చేత చెప్పించుకుని బందరులో ఒక ప్లీడరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చాలా వివరంగా చెప్పారు. రాసింది చెరపొద్దు, దిద్దొద్దు, కొత్త పుస్తకం అసలు తేవద్దు, దొరికితే అది మొదటిదానికంటే పెద్ద నేరం. కల్లంలోనూ మిల్లు దగ్గరా ఎంతసేపు ఆగాల్సి వచ్చిందో అక్కడివాళ్ళ చేత రాయించుకోండి. ఆ వేళంతా విశ్రాంతి కింద ఒప్పుకుంటే తోలిన గంటలు తొమ్మిది లోపే తేలతాయి. ఇన్ని బాడుగలు వెయ్యమన్నది యజమానే అని ఆయన చేత ఒక ముక్క రాయించుకోండి. వింటుంటే ప్రాణం లేచొచ్చింది. బస్సులో వస్తున్నంతసేపూ అంతా అయిపోయినట్టే అనిపించింది.

మిల్లు గేటు దగ్గరివాళ్ళు, “మేమేమన్నా గడియారం పెట్టుక్కూర్చున్నామా టీచరు గారూ” అన్నారు. యజమాని గారు పెద్ద రైతు, అప్పుడప్పుడే లారీల్లోకి దిగారు. క్రిస్మస్‌కి మా ఇంటికి బియ్యం, బెల్లం పంపే మనిషి. నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. “నేను తోలమన్నాను గానీ నిద్ర మానెయ్యమన్నానా అమ్మా? అందరూ అవే బళ్ళు తోల్తున్నారు. ఎవరి పుస్తకంలోనూ లేని తప్పు మీ ఆయన పుస్తకంలోనే ఎందుకుంది?” అన్నారు. మజ్జిగ తాగి వచ్చేశాను.

ఇక మిగిలింది మా ఆయన నోరొక్కటే. బందరు ఆఫీసులో ఆయన పక్కనే నిలబడ్డాను. ఆఫీసరు గారు వయసు మళ్ళినాయన. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకుని నెమ్మదిగా అడిగారు.

“మిల్లు వరసలో ఉన్నప్పుడు బండి దిగి అటూ ఇటూ తిరగొచ్చు కదూ?”

“లేదండి. వరస కదుల్తుందండి.”

“భోజనానికైనా దిగుతావుగా?”

“క్యారేజీ బండిలోనే తింటానండి.”

“సరే, కల్లంలో? కాటా వేస్తున్నప్పుడు నీకేం పని?”

“బస్తాలు నేనే చూసుకోవాలండి. తగ్గితే నన్నే అడుగుతారండి.”

ఆఫీసరు గారు కలం కింద పెట్టారు. “ఆలోచించుకుని చెప్పు. ఒక్కదానికి అవునను. నేను రాసుకోవడానికి వీలుగా ఉంటుంది.” అంతకంటే ఏ ఆఫీసరు చెబుతాడు. నేను వెనకనుంచి మా ఆయన చొక్కా పట్టుకుని లాగాను. ఆయనకి తెలిసింది, నా చేతి మీద చెయ్యి వేసి మెల్లిగా తీసేశారు.

“బండి దగ్గరే ఉన్నానండి” అన్నారు.

ఆ ఆఫీసరు గారి మొహం నాకిప్పటికీ కళ్ళకి కడుతుంది. కోప్పడలేదు. లైసెన్సు ఆపుతూ, తానే ఏదో తప్పు చేసినవాడిలా తల దించుకుని రాశారు. ఆ రోజు నేను లాగింది తప్పని ఇప్పటికీ అనుకోను. మనిషి కునుకు తీశాడు, కునుకు విశ్రాంతే, అవునంటే ఆకాశం ఊడిపడేది కాదు. బస్సెక్కాక ఆ మాట ఆయనతో అన్నాను కూడా. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

బండి లేని ఆ నెలలు ఎలా గడిచాయో చెప్పుకోవడం నాకిష్టం లేదు. ఆయన మిల్లులో బస్తాలు మోశారు. మోసినంతసేపూ గేటు ముందు వరసలోని లారీలు కనపడుతూనే ఉండేవి. ఇంటికొచ్చి మాట్లాడేవారు కాదు. ప్రార్థన మాత్రం మానలేదు, మొదట్లో పైకి చేసేవారు, తర్వాత లోపల్లోపల చేసుకునేవారు.

లైసెన్సు తిరిగొచ్చాక యజమాని గారే కబురు పెట్టారు. పాత బండే ఇచ్చారు. పుస్తకం మాత్రం బాబాయి గారే రాస్తారన్నారు. మా ఆయన సరేనన్నారు. శనివారం సాయంత్రం ఆ అరుగు మీద కూర్చుని నెలకి సరిపడా ఖాళీ పేజీల మీద సంతకాలు పెట్టేశారు. నేను కూరలు కొనుక్కుని అటుగా వస్తూ చూశాను. నేను కోరుకున్నదే అది. సంచీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని ఇంటికొచ్చేశాను.

ఆ తర్వాత నూర్పిళ్ళకి ఆయనకి కళ్ళు మంటలు, కుడిచెయ్యి తిమ్మిర్లు మొదలయ్యాయి. అన్నం కలుపుతూ కలుపుతూనే జోగేవారు. బతిమాలి మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. లారీ బయట రోడ్డు మీదే ఉంది. డాక్టరమ్మ కళ్ళు చూశారు, చెయ్యి నొక్కి చూశారు, కార్డు తీసుకుని అడిగారు.

“రోజుకి ఎన్ని గంటలు బండి తోల్తారు?”

“తొమ్మిదండి” అన్నారు మా ఆయన.

“మధ్యలో విశ్రాంతి?”

“తీసుకుంటానండి. అరగంట.”

తడుముకోలేదు. నేను పక్కనే ఉన్నాను. నిజం చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆ కార్డు ఎవరి చేతుల్లో పడుతుందో, ఆ మాట ఎటు తిరిగి ఎక్కడికి చేరుతుందో, మళ్ళీ బస్తాలే మొయ్యాలో. ఆయన నా వైపు చూడలేదు.

“అయితే పని వల్ల కాదులెండి, రక్తం తక్కువగా ఉన్నట్టుంది” అని డాక్టరమ్మ అదే కార్డు మీద రాసి, టానిక్కు ఇచ్చారు. ఆయన దండం పెట్టి బయటికొచ్చి, సీసా నా చేతికిచ్చి, నాగాయలంక వెళ్ళడానికి లారీ ఎక్కారు.