పైడీ అని పిలిస్తే...

మా చిన్నప్పుడు... ఊడుపుల రోజుల్లో మా మేనత్త మడిలోకి దిగి పాట ఎత్తుకుందంటే మూడు పొలాల అవతలికి వినిపించేది. పాతపట్నం దగ్గర మా ఊరు. నేను బడి ఎగ్గొట్టి మరీ గట్టు మీద కూర్చునేదాన్ని. పని చేద్దామని కాదు... మధ్యాహ్నం తెచ్చే చోడి అంబలి కోసం, ఆ పాట కోసం.

"గట్టు దాటి రావే పైడీ... అంబలి సల్లారిపోనాది" అని అత్త పిలిచేది. వరసలో వంగి నాటుతున్న ఆడాళ్లంతా కూతురై బదులిచ్చేవారు... "వత్తన్నానే అమ్మా... వత్తన్నాను".

పాట ఊరందరిదీ. ముందు పాడే ఆవిడ అందులో తన కూతురి పేరు పెట్టుకోవడం మా వైపు ఆనవాయితీ. పైడి మా అత్త కూతురు. నా ఈడుది. తొమ్మిదో ఏట జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయింది.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. ఎత్తితే మావ కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. ఆ ఏడు ఊడుపులకి అత్త ఇంకే పేరో పెడుతుందనుకున్నారంతా... పెట్టలేదు. "రావే పైడీ" అనే పిలిచింది. నాటుతున్న చేతులు ఆగిపోయాయి. కాసేపటికి అందరూ కలిసి పలికారు. ఏటా ఆ పది రోజులే అత్త తన కూతుర్ని నోరారా పిలుచుకునేది.

మూడేళ్ల కిందట ఆ పాటని ఫోన్లో తీసి ఇక్కడ, నా పేజీలో పెట్టింది నేనే. 'మా అత్త పాట' అని గొప్పగా రాశాను. పైడి ఎవరో మాత్రం రాయలేదు... నా బుద్ధి గడ్డి తింది.

ఒక గాయకుడు దాన్ని మళ్లీ పాడాడు. మంచి గొంతే, కాదనను. పేరు అలాగే ఉంచాడు. బదులు పలికే చోట ఈలలు, డీజే దరువు పెట్టాడు. ఇప్పుడు కొత్తవలస నుంచి నౌపడ దాకా ఏ పెళ్లికెళ్లినా అదే. తీసెయ్యమని బతిమాలుతూ మెసేజ్ పెట్టాను. "జానపదం అందరిదీ కదా అక్కా" అని దణ్ణం బొమ్మ పంపాడు. అదీ నిజమే.

మొన్న చుట్టాల పెళ్లి. అత్తా నేనూ భోజనాల బంతిలో కూర్చున్నాం. బయట ఆ పాట మొదలైంది. "రావే పైడీ" అనగానే కుర్రకారంతా ఎగిరి గంతులు. ఆపించడానికి ఎంగిలి చేత్తోనే పరిగెత్తాను... ఆ మోతలో నా మాట ఎవరికి వినపడుతుంది? తిరిగొచ్చేసరికి అత్త విస్తట్లో చెయ్యి పెట్టి, ముద్ద ఎత్తకుండా వింటోంది.

తిట్టలేదు. ఏడవలేదు. "ఇంతమంది పిలుత్తన్నారు గదే... ఒక్కలూ పలకరేటే?" అంది.

పక్కనే ఉన్నాను. "వత్తన్నానే అమ్మా"... చిన్నప్పట్నుంచీ విన్న మాటే, నాకు రానిది కాదు. నేనూ పలకలేదు.

ఈ ఏడు మా పొలంలో మిషను పెట్టి నాటించారు. అత్త గట్టు మీద కాసేపు కూర్చుని, పాట ఎత్తుకోకుండానే ఇంటికొచ్చేసింది.

నా వీడియో తీసేశాను... దానివల్ల ఆగిందేమీ లేదు. మీ ఇళ్లలోనూ ఇలాంటి పాటలుంటే చెప్పండి. పాట రాయొద్దు... ఎవరు పిలిచేవారో, ఎవరు పలికేవారో రాయండి చాలు. మా మడిలో ఇప్పుడు పలికేవాళ్లు లేరు.