నిండుకున్నవి

ఆత్మకూరులో మా బియ్యం కొట్టు గుమాస్తా ‘లేదు’ అనే మాట పలికేవాడు కాదు. సరుకు అయిపోతే ‘నిండుకుంది’ అనేవాడు. కొన్నది, అమ్మింది, మిగిలింది ఏ పూటకాపూట రాసేవాడు. ఏమీ మిగలకపోతే సున్న చుట్టడానికి భయపడి, అక్కడా ‘నిండుకున్నవి’ అనే రాసేవాడు.

అవి కంట్రోలు రోజులు. బియ్యం దాచితే జైలు. ఒకనాడు మద్రాసు నుంచి వచ్చిన ఆఫీసరు, అరకొర తెలుగువాడు, పుస్తకంలో ఆ మాట మీద వేలు పెట్టాడు.

“నిండా ఉన్నాయా? ఎక్కడ దాచారు?”

మా నాయన మొహాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. “బియ్యం లేవు దొరా!” అన్నాడు.

“రాసినవాడు చెప్పాలి.”

గుమాస్తా “నిండుకున్నవి దొరా” అన్నాడే గాని, లేవు అనలేదు. చివరికి ఆఫీసరే కొన్నదాంట్లోంచి అమ్మింది తీసేసి, ఖాళీ గోదాము చూసి వెళ్లిపోయాడు.

“లేవంటే నీ సొమ్మేం పోయిందయ్యా? జైలుకు పోయుండేవాళ్లం!” అని నాయన అరిచాడు.

“జైలుకు పోతే తిరిగొస్తాం సెట్టిగారా. ఆ మాటంటే లచ్చిమి తిరిగిరాదు.”

“ఇకనుంచి సున్న చుట్టాల్సిందే!”

గుమాస్తా సున్న చుట్టాడు. దాని మధ్యలో ఒక బియ్యపు గింజ పెట్టి పుస్తకం మూశాడు.