భుజం మీద తువ్వాలు

మా మామూ, అంటే మా అమ్మ తమ్ముడు, నరసరావుపేటలో ఒక కోతమిల్లుకు మేస్త్రీ. దుంగలు కోసేవాళ్లు వేరు, కోసే రంపాన్ని కాచుకునేవాడు వేరు. ఆకురాయితో పళ్లకు పదును పెట్టడం, తెగిన బెల్టు కుట్టడం, ఆయిలింజను మొరాయిస్తే దారికి తేవడం మామూ పని. రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. నల్లమల వైపు నుంచి బళ్ల మీద దుంగలు దిగుతూనే ఉండేవి, రైలుపట్టాల కింద వేసే స్లీపర్లు కోస్తూనే ఉండాలి. పెళ్లయిన ఏడాదికి నేను దుంగలు మోయడానికి చేరితే, మామూ నన్ను తన పనిలోకి లాక్కున్నాడు. మూడో తరగతితో నా చదువు సరి. ఆయన చెప్పింది గుర్తుపెట్టుకోవడమే నాకు పుస్తకం.

"ఈ రంపం జబ్బు కంటికి ఆనదురా, చెవికి ఆనుద్ది" అనేవాడు.

గుండ్రటి బ్లేడును ఊడదీసి, నడిమి బెజ్జంలో కర్ర దూర్చి వేలాడదీసి, చెక్క సుత్తితో తట్టాలి. ఖంగుమని సాగితే మంచిది. పగిలిన కుండలా బొత్తుమంటే ఎక్కడో వెంట్రుకంత చీలిక ఉన్నట్టే.

"చూసుకోకుండా తిప్పితే ఏమయిద్ది మామూ?"

"ముక్క ఎగిరొచ్చిద్ది. దానికి మామా అల్లుడా అని తెలవదురా."

అలా చెప్పిన మనిషే ఒకరోజు వెనక బండి వస్తుంటే తప్పుకోలేదు. బండివాడు గొంతు చించుకున్నాడు. ఎద్దు కొమ్ము వీపుకు తగిలాకే తిరిగాడు. ఇంటికెళ్లి ముమానీని, అంటే మామూ భార్యను, అడిగాను. రొట్టె కాలుస్తున్నదల్లా చెయ్యి ఆపింది.

"ఇంజను తినేసిందయ్యా ఆయన చెవుల్ని. నా పెదాలు చూసి పలుకుతాడు. మిల్లు షావుకారుకు తెలిస్తే ఆ రోజే తీసేస్తాడు. నలుగురు బిడ్డలు. నీ నోరు జాగర్త."

మర్నాటి నుంచి మామూకు నేనే చెవినయ్యాను. ఆయన బ్లేడు తట్టేవాడు, నేను ఎదురుగా నిలబడేవాణ్ణి. బాగా మోగితే తువ్వాలుతో మొహం తుడుచుకునేవాణ్ణి. తేడా ఉంటే తువ్వాలు భుజం మీద వేసుకునేవాణ్ణి. "నీ అల్లుడికి చెమటలు చానా ఎక్కువ సాయిబూ!" అని షావుకారు నవ్వితే, ఆ మాట వినపడని మామూ కూడా నవ్వేవాడు. నాకు మాత్రం బ్లేడు తిరిగినంతసేపూ ఆయన ప్రాణం నా తువ్వాలులో మూటగట్టి ఉన్నట్టే అనిపించేది.

దసరా వచ్చింది. ఆయుధపూజకు షావుకారు బ్లేడు నిండా దట్టంగా పసుపు పూయించి కుంకుమ బొట్లు పెట్టించాడు. మర్నాడు పొద్దున మామూ దాన్ని దింపి వేలాడదీశాడు. పసుపు ఎండి అట్టకట్టి ఉంది. కడుగుదామని నేను నీళ్లడబ్బా తెచ్చాను.

"మొదటి కోత పడకుండానే పూజ కడిగేస్తారంటయ్యా ఎవరన్నా?" అని షావుకారు మొహం మాడ్చుకున్నాడు.

మేం సాయిబులం. పండగపూట ఆయన పసుపు మీద మా నీళ్లు పోశామన్న మాట దేనికని, మామూ డబ్బా పక్కన పెట్టమని సైగ చేశాడు. సుత్తితో తట్టాడు.

బొత్తుమంది.

మళ్లీ తట్టాడు. అదే చప్పుడు. ఇంత పసుపు మెత్తిన ఇనుము ఇంకెట్లా మోగుతుంది అనుకున్నాను. మామూ నన్నే చూస్తున్నాడు. షావుకారూ నన్నే చూస్తున్నాడు. నేను మొహం తుడుచుకున్నాను.

ఇంజను అందుకుంది. ఆనవాయితీ ప్రకారం ముందు బూడిదగుమ్మడికాయను తిరిగే రంపానికి అందించారు. రెండు చెక్కలై పడింది, అందరూ దణ్ణం పెట్టుకున్నారు. తర్వాత మద్దిదుంగ ఎక్కించారు. రంపం కూత మధ్యలో ఏదో తట్టుకుంటున్నట్టు టిక్కు, టిక్కు మంది. పసుపు ఎప్పుడో రాలిపోయింది. చప్పుడు మాత్రం పోలేదు.

"మామూ, పక్కకి రా!" అని అరిచాను.

కోసేవాడు దుంగ వదిలి దూకాడు. షావుకారు గేటుదాకా పరిగెత్తాడు. గుమ్మడిచెక్కలు తీస్తున్న ముసలమ్మ కూడా తప్పుకుంది. ఆ అరుపు అందనిది ఒక్క మామూకే. షాఫ్టు పక్కన వంగి, తాపీగా నూనె పోస్తున్నాడు.

బ్లేడు ముక్క ఎగిరొచ్చింది. మామూ ప్రాణం దక్కింది. కుడిచెయ్యి మోచేతి కింద దక్కలేదు.

"చెవుడున్నోణ్ణా ఇన్నాళ్లు పెట్టుకుంది!" అని షావుకారు నెత్తి బాదుకున్నాడు. మర్నాడే నన్ను పిలిచి, "పని నీకొచ్చుగా?" అన్నాడు. నేను మేస్త్రీనయింది అట్లా.

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు మామూ నన్ను మంచం దగ్గరికి పిలిచాడు. "ఆ పొద్దున బ్లేడు మోగిందారా?" అన్నాడు.

పెదాలు కదిపితే చాలు, చదివేస్తాడు. మోగిందని చెప్పేద్దామనే వెళ్లాను. కానీ చేతిలో ఉన్న తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాను.

మామూ దానివంక చూశాడు. ముమానీ గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూస్తోంది. ఆమెకు ఆ సైగ తెలియదు.

"ఇంకమీదట" అన్నాడు మామూ, "ఎవడు మొహం మాడ్చుకున్నా సరే, కడిగాకే తట్టు."