నీరసంగా పేలిన తూటా

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు పిస్టల్ షూటింగ్ సాధన చేస్తున్న రోజులవి. పోటీల ముందు, నా పిస్టల్‌కు ఏ రకం తూటాలు నప్పుతాయో పరీక్షిస్తున్నాను. మా అమ్మాయి పక్కనే నిలబడి చూస్తోంది. కొత్త పెట్టెలోని మూడో తూటా 'టప్' అని నీరసంగా పేలింది. టార్గెట్ మీద రంధ్రం పడలేదు. గురి తప్పిందనుకుని, చేత్తో స్లైడ్ లాగి మరో తూటా ఎక్కించి, ట్రిగ్గర్ మీద వేలు పెట్టాను.

"ఆగు మేడం! ఏలు తియ్!" వెనక నుంచి కోచ్ అరిచారు. వెంటనే వేలు తీసేశాను.

ఆయన పిస్టల్ ఖాళీ చేసి, గొట్టంలోకి సన్నటి కడ్డీ దూర్చారు. అది మధ్యలోనే ఆగిపోయింది.

"మందు తక్కువుండి ఇందాకటిది లోపల్నే ఇరికింది. ఇంకోటి కొడితే గొట్టం పేలిపోతుండె మేడం. పాప గూడ పక్కనే ఉండె," అన్నారు.

మా అమ్మాయిని గట్టిగా దగ్గరికి లాక్కున్నాను.

ఇప్పటికీ షూటింగ్ మానలేదు. కానీ చప్పుడులో ఏ కాస్త తేడా వినిపించినా పిస్టల్ కింద పెట్టేసి, కోచ్‌ను పిలుస్తాను.